బండ ముందా, దూది ముందా? కింద పడే వస్తువుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే నా దగ్గరికి కొన్ని ప్రశ్నలు ఏటా తప్పకుండా వస్తాయి. సగం పిల్లలవి, సగం వాళ్ళను బండి మీద దింపడానికి వచ్చిన అమ్మానాన్నలవి. ఒకరిద్దరు తాతలవి కూడా. వాటిని ఒకచోట చేర్చి జవాబులు రాశాను. లెక్కలు తక్కువ, ఉన్నవి కూడా కాగితం మీద రెండు గీతల్లో తేలేవే.

బరువైనది ముందు పడుతుందా, తేలికైనదా?

గాలి లేకపోతే రెండూ ఒకేసారి పడతాయి. గాలి ఉన్నచోట మాత్రం బరువు ఒక్కదాన్ని చూసి చెప్పలేం. ఆ వస్తువు గాలికి ఎంత వెడల్పుగా ఎదురుపడుతోంది, దాని ఆకారం ఏమిటి, ఎంత వేగంగా పోతోంది, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

మా అవ్వ బడికి పోలేదు గానీ ఈ సంగతి ఆమెకు తెలుసు. వేయించిన చెనక్కాయ విత్తనాలను అరచేతుల మధ్య నలిపి, చేటలో పోసి చెరిగేది. విత్తనాలు మళ్ళీ చేటలోకే వచ్చి పడేవి, పొట్టు వాకిట్లోకి ఎగిరిపోయేది. కళ్ళంలో తూర్పారబట్టడమూ ఇదే పని. గాలివాటం చూసుకొని, చేటను తలెత్తున పట్టుకొని కొంచెం కొంచెంగా జారవిడిస్తే గింజ కాళ్ళ దగ్గరే కుప్పపడుతుంది, తాలూ పొట్టూ అవతలికి పోతాయి. భూమి గింజనూ పొట్టునూ ఒకే తీరున లాగింది. వాటిని విడదీసింది గాలి. భూమికి పక్షపాతం లేదు, గాలికి ఉంది. కింది జవాబుల్లో చాలావరకు ఈ ఒక్క మాట నుంచే వస్తాయి.

రెట్టింపు బరువున్న దాన్ని భూమి రెట్టింపు బలంతో లాగుతుంది కదా సార్? మరి అది రెట్టింపు వేగంతో ఎందుకు పడదు?

మంచి ప్రశ్న. దీన్ని అడగని పిల్లవాడికి పాఠం ఎక్కలేదనే నేను అనుకుంటాను.

లాగుడు రెట్టింపే. కానీ కదిలించాల్సిన సరుకు కూడా రెట్టింపైంది. ఒక ఎద్దు ఒక బండిని లాగుతోంది అనుకోండి. రెండు ఎడ్లను తెచ్చి, రెండు బండ్లు కట్టారు. నడక పెరుగుతుందా? ఇదీ అంతే. ద్రవ్యరాశి పెరిగితే లాగే బలం ఎంత పెరుగుతుందో, కదలనని మొరాయించే జడత్వం కూడా సరిగ్గా అంతే పెరుగుతుంది. ఆ రెండూ కొట్టేసుకుంటాయి. ఇవి ఇంత కచ్చితంగా ఎందుకు సమానం అన్న ప్రశ్నను వదలకుండా పట్టుకునే ఐన్‌స్టైన్ 1915 నాటికి సాధారణ సాపేక్ష సిద్ధాంతం దాకా వెళ్ళాడు. మనం అంత దూరం వెళ్ళం.

9.8 అంటే అసలు ఏమిటి?

పడుతున్న వస్తువు వేగానికి ప్రతి సెకనుకూ సెకనుకు 9.8 మీటర్లు కలుస్తూ పోతుందని అర్థం. వదిలినప్పుడు వేగం సున్నా. ఒక సెకనుకు 9.8, రెండు సెకన్లకు 19.6, మూడు సెకన్లకు 29.4. తిరుపతి భూమధ్యరేఖకు కాస్త దగ్గర కాబట్టి మన దగ్గర ఇంకా కచ్చితంగా చెప్పాలంటే 9.78. పరీక్షలో 9.8 వేయండి, ఎవరూ మార్కులు కోయరు.

పిల్లలు పొరబడేది వేగాన్నీ దూరాన్నీ కలిపేయడం దగ్గర. మొదటి సెకనులో వస్తువు పడే దూరం 9.8 మీటర్లు కాదు, 4.9. సున్నా దగ్గర మొదలై 9.8 దాకా పోయింది కాబట్టి సగటు వేగం సగమే. రెండు సెకన్లకు 19.6 మీటర్లు, మూడింటికి 44.1. ఒక్కో సెకనులో విడిగా పడిన దూరాలను తీసి చూస్తే 1, 3, 5, 7 అని బేసి సంఖ్యల వరుసలో ఉంటాయి. ఈ వరుసను పట్టుకున్నవాడు గెలీలియో. నిలువుగా పడేదాన్ని కంటితో కొలవలేక, వాలుగా పెట్టిన గాడిలో గుండ్లు దొర్లించి పడే వేగాన్ని నెమ్మది చేసుకున్నాడు. సెకన్ల గడియారం కూడా లేని రోజులవి. సన్నటి ధారగా కారిన నీళ్ళను పట్టి, తూచి, కాలం లెక్కగట్టాడు.

మన లెక్కలో చెప్పుకుందాం. 6 మీటర్ల ఎత్తు కొమ్మ నుంచి తెగిన తోతాపురి కాయ 1.1 సెకన్లలో నేలను తాకుతుంది. అప్పటికి దాని వేగం గంటకు 39 కి.మీ. దామలచెరువు వైపు తోటల్లో కాయను నేలకు రాలనివ్వకుండా కోసేది అందుకే. ఆ వేగంతో నేలకు కొట్టుకున్న కాయ పైకి బాగానే కనిపిస్తుంది, రెండు రోజులకు లోపల నల్లబడుతుంది. 15 మీటర్ల కొబ్బరిచెట్టు నుంచి పడే కాయ అయితే గంటకు 60 కి.మీ. దాటి వస్తుంది. కొబ్బరిచెట్టు కింద మంచం వేసుకోవద్దని పెద్దవాళ్ళు చెప్పేది చాదస్తం కాదు.

దీన్ని మొదట ఎవరు చేసి చూపించారు? పీసా టవర్ కథ నిజమేనా?

బరువైనది ముందు పడుతుందని అరిస్టాటిల్ చెప్పిన మాట దాదాపు 2 వేల ఏళ్ళు నడిచింది. 1586లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఊళ్ళో సైమన్ స్టెవిన్ అనే గణితవేత్త ఒకటి ఇంకొకదానికి పది రెట్లు బరువున్న రెండు సీసపు గుండ్లను 30 అడుగుల ఎత్తు నుంచి వదిలాడు. రెండూ కింది పలకను తాకిన చప్పుడు ఒక్కటిగానే వినిపించింది. గెలీలియో పీసా టవర్ మీంచి వేర్వేరు బరువుల గుండ్లు వదిలి చూపించాడన్న కథ ఆయన శిష్యుడు తర్వాత రాసినది, జరిగిందని గట్టిగా చెప్పేందుకు ఆధారం చాలదు. కథ బావుంది కాబట్టి స్టెవిన్ మరుగున పడ్డాడు.

గాలిని పూర్తిగా తీసేసి చూపించిన వాళ్ళలో నాకు ఇష్టమైనవాడు డేవిడ్ స్కాట్. అపోలో 15 వ్యోమగామి. 1971 ఆగస్టు 2న చంద్రుడి మీద నిలబడి, ఒక చేతిలోంచి సుత్తిని, ఇంకో చేతిలోంచి డేగ ఈకను ఒకేసారి వదిలాడు. రెండూ కలిసి నేలను తాకాయి. చంద్రుడి లాగుడు మనదాంట్లో ఆరో వంతే కాబట్టి నెమ్మదిగా పడ్డాయి, కానీ కలిసే పడ్డాయి. ఆ వీడియో నిమిషం కూడా ఉండదు. పిల్లలకు చూపించండి, నేను గంట చెప్పిన పాఠం కన్నా బాగా ఎక్కుతుంది.

మా మేడ మీంచి క్రికెట్ బంతి, టెన్నిస్ బంతి వదిలితే క్రికెట్ బంతే ముందు పడింది. మీరు చెప్పింది తప్పా?

కాదు, మీ కళ్ళు బాగున్నాయి. 10 మీటర్ల ఎత్తు నుంచి రెండూ దాదాపు 1.4, 1.5 సెకన్ల మధ్య పడతాయి. తేడా సెకనులో నూరోవంతులు మూడు. కానీ చివర్లో అవి సెకనుకు 12, 13 మీటర్ల వేగంతో పోతుంటాయి కాబట్టి ఆ చిన్న తేడాలోనే క్రికెట్ బంతి అడుగు పైన ముందుంటుంది. రెండు బంతుల సైజూ ఇంచుమించు ఒకటే, కాబట్టి గాలి అడ్డూ ఇంచుమించు ఒకటే. అయితే క్రికెట్ బంతి 160 గ్రాములు, టెన్నిస్ బంతి 58. అదే అడ్డు బరువైనవాడికి లెక్కలేదు, తేలికైనవాడికి భారం.

కంటికి కనబడని గాలికి అంత బలం ఎక్కడిది?

ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 1.2 కిలోలు తూగుతుంది. అంటే మామూలు పడకగదిలో ఉన్న గాలి దాదాపు 40 కిలోల బరువు ఉంటుంది. పడే వస్తువు ఆ గాలిని పక్కకు నెట్టుకుంటూ దారి చేసుకోవాలి.

అడ్డు ఎంత అన్నది తెలియాలంటే బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టిన రోజు గుర్తుచేసుకోండి (ఇప్పుడు పెట్టకండి). అరచేతిని నేలకు సమాంతరంగా ఉంచితే గాలి జారిపోతుంది, నిలబెడితే చెయ్యి వెనక్కి పోతుంది. అది వెడల్పు, ఆకారం చేసే పని. బస్సు వేగం రెట్టింపైతే చేతి మీద తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. మూడు రెట్లయితే తొమ్మిది రెట్లు. గాలి అడ్డు వేగానికి వర్గంలో పెరుగుతుందన్న ఈ ఒక్క సంగతి పట్టుకుంటే తర్వాతి ప్రశ్న సులభం.

చరమవేగం అంటే ఏమిటి? అప్పుడు గురుత్వం పనిచేయడం ఆగిపోతుందా?

ఆగదు. పడే కొద్దీ వేగం పెరుగుతుంది, వేగంతో పాటు గాలి అడ్డూ పెరుగుతుంది. భూమి లాగుడు మాత్రం మొదట్లో ఎంతో చివర్లోనూ అంతే. ఎక్కడో ఒకచోట పైకి నెట్టే గాలి, కిందికి లాగే భూమి సమానమైపోతాయి. అక్కణ్ణుంచి వేగం పెరగదు, తగ్గదు. అదే చరమవేగం. సున్నా అయ్యేది త్వరణం (సెకనుకు వేగం ఎంత మారుతోంది అన్నది), వేగం కాదు. ఏటా సగం క్లాసు ఇక్కడే తడబడుతుంది.

కాళ్ళూ చేతులూ చాపి బోర్లా పడే స్కైడైవర్ చరమవేగం గంటకు సుమారు 200 కి.మీ. పారాచూట్ విప్పాక సెకనుకు 5, 6 మీటర్లకు దిగుతుంది. ఒకటిన్నర మీటర్ల గోడ మీంచి దూకినంత దెబ్బ.

అంత ఎత్తు నుంచి పడే వాన చినుకు మన తలకు దెబ్బ ఎందుకు తగలదు?

గాలి లేకపోతే తగిలేది. 2 కి.మీ. ఎత్తున్న మబ్బు నుంచి అడ్డు లేకుండా పడితే చినుకు గంటకు 700 కి.మీ. వేగంతో వచ్చి దిగేది. ఈశాన్య రుతుపవనాలు వచ్చాయంటే తిరుపతిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక్క కొబ్బరాకు చిరగకుండా మిగిలేది కాదు.

నిజంగా జరిగేది వేరు. 5 మిల్లీమీటర్ల పెద్ద చినుకు చరమవేగం సెకనుకు 9 మీటర్లు, గంటకు 32 కి.మీ. 1 మిల్లీమీటరు చినుకుది సెకనుకు 4 మీటర్లు. అర మిల్లీమీటరు తుంపరది 2 మీటర్లు. మబ్బులోని నీటి బిందువు అయితే 0.02 మిల్లీమీటర్లే ఉంటుంది, సెకనుకు ఒక సెంటీమీటరు పడుతుంది. ఆ లెక్కన కిలోమీటరు దిగడానికి ఒక రోజు పైనే. ఈలోగా కింది నుంచి లేచే వేడిగాలి దాన్ని మళ్ళీ పైకి తోస్తుంది. మబ్బులు కింద పడవేం అని అడిగే పిల్లలకు ఇదే జవాబు: పడుతూనే ఉంటాయి, గాలి పడనివ్వదు.

ఇంకో సరదా సంగతి. బొమ్మల్లో గీసినట్టు పైన మొన, కింద గుండ్రం ఉన్న చినుకు ఎక్కడా లేదు. చిన్న చినుకులు గోళీల్లా గుండ్రంగా ఉంటాయి. పెద్దవాటిని కింది నుంచి గాలి నొక్కడం వల్ల అడుగు చదునై, పైన ఉబ్బి, పళ్ళెంలో బోర్లించిన ఇడ్లీలా తయారవుతాయి. ఇంకా పెద్దదైతే ఇడ్లీ నడుమ గాలి దూరి ముక్కలైపోతుంది. అందుకే మరీ పెద్ద చినుకులు ఉండవు. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు ఏ వానలో ఏ సైజు చినుకులు ఎన్ని పడ్డాయో కొలుస్తుంటారు. చినుకు సైజు తెలిస్తే దాని వేగం తెలుస్తుంది, రాడార్‌కు కనిపించిన మబ్బులో నిజంగా ఎంత వాన ఉందో అంచనా కట్టవచ్చు.

మరి వడగళ్ళు?

వాటిని గాలి ముక్కలు చేయలేదు కాబట్టి ఎంత పెద్దవైనా అవుతాయి, అంత వేగంగానూ పడతాయి. సెంటీమీటరు గడ్డ సెకనుకు 9, 10 మీటర్లు. 5 సెంటీమీటర్ల గడ్డ 25 నుంచి 30 మీటర్లు, అంటే గంటకు 100 కి.మీ. మామిడి పక్వానికొచ్చే ఎండాకాలంలో అలాంటి వాన ఒక్క పావుగంట పడితే చిత్తూరు రైతుకు ఏడాది పోయినట్టే.

తిరుమల కొండ మీద గురుత్వం తక్కువా? అక్కడ వస్తువులు నెమ్మదిగా పడతాయా?

గురుత్వం తక్కువే. తిరుపతికన్నా తిరుమల దాదాపు 700 మీటర్లు ఎత్తు. భూమి కేంద్రం నుంచి అంత దూరం జరిగినందుకు 50 కిలోల మనిషి బరువు స్ప్రింగు త్రాసు మీద సుమారు పది గ్రాములు తగ్గుతుంది. ఒక్క లడ్డూ తింటే ఆ లెక్క తారుమారు.

అసలు తమాషా గాలి దగ్గర ఉంది. పైన గాలి ఆరు శాతం దాకా పలచన. గురుత్వంలో తేడా ఒక శాతంలో యాభయ్యో వంతు ఉంటే గాలిలో తేడా వందకు ఆరు. కాబట్టి చరమవేగం అందుకున్న చినుకు తిరుమలలో తిరుపతికన్నా మూడు శాతం వేగంగా పడుతుంది. గురుత్వం తగ్గినచోట వేగం పెరిగిందన్నమాట.

కొండ మీంచి రూపాయి బిళ్ళ విసిరితే కింద ఎవరి తలకైనా తగిలి ప్రాణం పోతుందట, నిజమేనా?

బిళ్ళతో పోదు. 7.7 గ్రాముల పది రూపాయల బిళ్ళను తీసుకోండి. గాలి లేకుండా 700 మీటర్లు పడితే గంటకు 420 కి.మీ. అందుకునేది, అప్పుడు భయపడాలి. గాలిలో అది దొర్లుతూ, ఊగుతూ గంటకు 50 కి.మీ. దగ్గరే ఆగిపోతుంది. తగిలితే బుడిపె కడుతుంది, తిట్లు వస్తాయి.

రాయి సంగతి అలా కాదు. సైజు పెరిగే కొద్దీ గాలి దాన్ని ఆపలేదు. 2021 వానల్లో ఘాట్ రోడ్డు మీద పడిన బండల ముందు గాలి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. కొండ మీంచి సరదాకైనా ఏదీ విసరకండి. ఆ పని చేయడానికి కోతులున్నాయి.

చీమ మేడ మీంచి పడినా ఏమీ కాదు, మనకు ఎందుకు అవుతుంది?

పొడవు సగం చేస్తే గాలికి ఎదురుపడే వెడల్పు కొలత (వైశాల్యం) నాలుగో వంతవుతుంది, బరువు ఎనిమిదో వంతవుతుంది. అంటే చిన్నదయ్యే కొద్దీ బరువు వెడల్పుకన్నా తొందరగా తరిగిపోతుంది. చీమ దగ్గరికి వచ్చేసరికి దాని బరువుకు దాని ఒళ్ళే పారాచూట్. సెకనుకు ఒకటి రెండు మీటర్ల వేగం దాటదు, ఎంత ఎత్తు నుంచి పడినా అంతే.

కల్యాణకట్టలో తీసిన తలనీలాల్లో ఒక్క వెంట్రుక చూడండి. ఫ్యాను గాలికి నేలకు చేరనే చేరదు. అవే వెంట్రుకలు తడిసి ముద్దయితే దబ్బున పడతాయి.

శేషాచలం అడవిలో ఈ విద్య తెలిసిన చెట్లున్నాయా?

అన్నిటికన్నా ముందు ఎర్రచందనం. దాని కాయ మధ్యలో గింజ, చుట్టూ పలచని రెక్క, చూడ్డానికి చిన్న అప్పడంలా ఉంటుంది. ఆ చెట్టు శాస్త్రీయ నామంలో మొదటి మాట టెరోకార్పస్. గ్రీకులో రెక్కల కాయ అని అర్థం. రెక్క వల్ల నెమ్మదిగా దిగుతుంది, నెమ్మదిగా దిగినంతసేపూ గాలి దాన్ని పక్కకు మోస్తుంది, తల్లిచెట్టు నీడలో పడి చావకుండా దూరంగా మొలుస్తుంది. జిల్లేడు ఇంకా తెలివైనది. గింజకు దూది కుచ్చు కట్టి వదులుతుంది. మనం చిన్నప్పుడు ఊదుకుంటూ వెంటబడింది దాన్నే.

తలకోన జలపాతం కింద నిలబడితే నీళ్ళు ఎంత వేగంగా తగులుతాయి?

తలకోన ఎత్తు 270 అడుగులు, అంటే 82 మీటర్లు. గాలి లేకపోతే నీరు 4.1 సెకన్లలో దిగి గంటకు 144 కి.మీ. వేగంతో తగిలేది. దారిలో ధార చీలి పాయలవుతుంది, పాయలు చినుకులవుతాయి, చినుకులు తుంపరవుతాయి. తుంపర వాన చినుకులాగే మెల్లగా వాలుతుంది. ముద్దగా కలిసివచ్చే నీళ్ళు మాత్రం ఒకదాని వెనక ఒకటి గాలిని చీల్చుకుంటూ వస్తాయి కాబట్టి గట్టిగానే కొడతాయి. వాన ఎక్కువైనప్పుడు నీళ్ళతో పాటు రాళ్ళూ కొమ్మలూ వస్తాయి. వాటికి తుంపరవడం తెలియదు. కపిలతీర్థం దగ్గర ఉధృతి ఎక్కువైనప్పుడు స్నానాలు ఆపేస్తే విసుక్కునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

పైకి విసిరిన బంతి అన్నిటికన్నా ఎత్తున ఉన్నప్పుడు దాని త్వరణం సున్నాయే కదా?

కాదు. అక్కడ వేగం సున్నా, త్వరణం 9.8. అక్కడ త్వరణం కూడా సున్నా అయితే బంతి అక్కడే వేలాడుతూ ఉండాలి.

దీనికి తోక ప్రశ్న ఒకటుంది. పైకి పోవడానికి ఎక్కువ సేపు పడుతుందా, దిగడానికా? గాలి లేకపోతే సమానం. గాలి ఉంటే దిగడానికే ఎక్కువ. పోయేటప్పుడు గాలీ భూమీ రెండూ కిందికే లాగుతాయి, త్వరగా ఆగిపోతుంది. వచ్చేటప్పుడు గాలి భూమికి ఎదురు తిరుగుతుంది.

గంగమ్మ జాతరలో కొన్న గ్యాస్ బెలూన్ పైకి పోతుంది. దాని మీద గురుత్వం లేదా?

ఉంది. అయితే 10 లీటర్ల బెలూన్ పక్కకు తోసిన గాలి బరువు 12 గ్రాములు, లోపలి హీలియం రెండు గ్రాముల లోపు, రబ్బరు మూడు నాలుగు గ్రాములు. చుట్టూ ఉన్న గాలే బరువైనది, అది కిందికి దిగుతూ బెలూన్‌ను పైకి తోసేస్తుంది. నీళ్ళలో ముంచిన ఖాళీ బిందె పైకి తన్నుకొచ్చినట్టు. పాప చేతిలోంచి జారితే తాతయ్యగుంట దాటి ఎక్కడికి పోయిందో ఇక మనకు తెలియదు.

పడుతూ పడుతూ వేగం తగ్గే వస్తువు ఉంటుందా?

ఉంటుంది. పైన గాలి పలచన, కిందికి వచ్చే కొద్దీ చిక్కన. వాతావరణం కొలిచే బెలూన్ల సంగతే చూడండి. ఉష్ణోగ్రత, తేమ కొలిచే చిన్న పెట్టెను మోసుకొని 30 కి.మీ. దగ్గర దాకా పోయి, ఉబ్బి ఉబ్బి పగిలిపోతాయి. అక్కణ్ణుంచి పెట్టె మొదట జోరుగా పడుతుంది, దిగే కొద్దీ నెమ్మదిస్తుంది.

2012 అక్టోబరు 14న ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ అనే స్కైడైవర్ 39 కి.మీ. ఎత్తు నుంచి దూకినప్పుడు మొదటి నిమిషంలోనే గంటకు 1,357 కి.మీ. అందుకున్నాడు, ధ్వని కన్నా వేగం. పారాచూట్ ఇంకా తెరవకుండానే కింద చిక్కబడిన గాలి ఆ వేగాన్ని బాగా దించేసింది. గురుత్వం మారలేదు, చరమవేగమే మారుతూ వచ్చింది.

శ్రీహరికోట నుంచి వెళ్ళినవి మళ్ళీ కింద పడవా?

శ్రీహరికోట 2022 నుంచి మన తిరుపతి జిల్లాలోనే ఉంది కాబట్టి ఈ ప్రశ్న మన ఇంటి ప్రశ్నే. కక్ష్యలో ఉన్న ఉపగ్రహం అస్తమానం పడుతూనే ఉంటుంది. అడ్డంగా సెకనుకు దాదాపు 8 కి.మీ. పోతుంది కాబట్టి అది పడినంత మేరా భూమి కూడా వంగిపోతుంది, నేల అందదు. 400 కి.మీ. ఎత్తున కూడా గురుత్వం నేల మీద ఉన్నదాంట్లో 89 శాతం ఉంటుంది. అక్కడ గురుత్వం లేదనేది తప్పు, అక్కడ గాలి లేదనేది దాదాపు ఒప్పు.

తిరిగి దింపాలంటే మళ్ళీ గాలినే బతిమాలాలి. 2007 జనవరి 10న పీఎస్ఎల్‌వీ రాకెట్ మీద వెళ్ళిన 550 కిలోల ఇస్రో వ్యోమనౌక ఎస్ఆర్ఈ-1 జనవరి 22న బంగాళాఖాతంలో దిగింది. సెకనుకు 8 కి.మీ. వేగంతో గాలిలోకి దూరింది, నీటిని తాకేసరికి సెకనుకు 12 మీటర్లే మిగిలింది. ఆ వేగంలో ముప్పాతిక మూడు వంతులకు మించి తిన్నది పారాచూట్ కాదు, వట్టి గాలే. అందుకే ఒళ్ళు కాలిపోకుండా దానికి సిలికా పలకలు తొడిగారు. పారాచూట్లు 5 కి.మీ. ఎత్తుకు వచ్చాకే విప్పుకున్నాయి. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ కోసం చేసిన పరీక్షలో వ్యోమనౌక కూడా పారాచూట్ల సాయంతోనే శ్రీహరికోట దగ్గర సముద్రంలో దిగింది.

ఇంట్లో చేసి చూసేవి ఏమైనా చెబుతారా?

మొదటిది, నోట్‌బుక్ మీద దానికన్నా చిన్న కాగితం ముక్క పెట్టి, బుక్కును చదునుగా వదలండి. కాగితం బుక్కును అంటుకునే దిగుతుంది. దారిలో గాలిని బుక్కే నెట్టేసింది.

రెండోది నాకు బాగా ఇష్టం. ప్రసాదం దొన్నెలు, ఒకే సైజువి, అయిదు తీసుకోండి. ఒకదాన్ని విడిగా ఉంచి నాలుగింటిని ఒకదాంట్లో ఒకటి దూర్చండి. ఒంటి దొన్నెను మీటరు ఎత్తు నుంచి, నాలుగు దొన్నెలను రెండు మీటర్ల ఎత్తు నుంచి ఒకేసారి వదలండి. రెండూ ఇంచుమించు కలిసి నేలను తాకుతాయి. వెడల్పు అదే, బరువు నాలుగు రెట్లు, కాబట్టి చరమవేగం రెండు రెట్లు. వర్గం లెక్క కళ్ళ ముందు కనిపిస్తుంది. ఫ్యాను ఆపడం మరిచిపోకండి. నేను ఒకసారి మరిచిపోయి క్లాసంతా నవ్వించాను.

మూడోది పందేనికి పనికొస్తుంది. 500 నోటును నిలువుగా పట్టుకొని, ఎదుటివాళ్ళ బొటనవేలు, చూపుడువేలు నోటు నడుమకు రెండువైపులా తాకకుండా ఉంచమనండి. పట్టుకుంటే నోటు నీదే అనండి. నోటు పొడవు 15 సెంటీమీటర్లు, వేళ్ళ మధ్య నుంచి జారడానికి కావలసింది 7.5. దానికి పట్టే సమయం 0.12 సెకను. కంటితో చూసి వేళ్ళు మూయడానికి మనిషికి 0.2 సెకను దాకా పడుతుంది. నా నోటు ఇంతవరకు నా దగ్గరే ఉంది.

లెక్కల్లో అస్తమానం "గాలి నిరోధాన్ని విస్మరించండి" అంటారెందుకు?

అది పెడితే సమీకరణం ఇంటర్ లెక్కలకు లొంగదు కాబట్టి. మామిడికాయ, రాయి, ఇనపగుండు కొద్ది ఎత్తు నుంచి పడితే విస్మరించినా నష్టం లేదు. ఇందాకటి తోతాపురి కాయకు చివర్లో కూడా గాలి అడ్డు దాని బరువులో 5 శాతమే. నా ఫిర్యాదల్లా ఒకటే. విస్మరించమని చెప్పిన మాస్టారు, ఎక్కడ విస్మరించకూడదో కూడా ఒక్క మాట చెప్పాలి. లేకపోతే పిల్లలు ఈఏపీసెట్‌లో ర్యాంకు తెచ్చుకొని, ఈక ఎందుకు మెల్లగా పడుతుందంటే తేలిక కాబట్టి అని జవాబిస్తారు.

బావిలో రాయి వేసి లోతు చెప్పవచ్చా?

చెప్పవచ్చు. రాయి వదిలిన క్షణం నుంచి చప్పుడు వినిపించే దాకా సెకన్లు లెక్కపెట్టి, వాటిని వాటితోనే గుణించి, 4.9తో గుణించండి. మీటర్లు వస్తాయి. రెండు సెకన్లకు 19.6. చప్పుడు పైకి రావడానికి కూడా కొంచెం సమయం పట్టింది కాబట్టి నీళ్ళ మట్టం దాకా లోతు 18.5 మీటర్లు, 60 అడుగుల చిల్లర. గాలి అడ్డు ఇక్కడ లెక్కలోకి రాదు. వెయ్యి అడుగుల బోరుకు ఈ పద్ధతి పనికిరాదు, రాయి గొట్టానికి కొట్టుకుంటూ పోతుంది.

జాగ్రత్త పడాల్సింది ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కే వేలి దగ్గర. 0.2 సెకను అటూ ఇటూ అయితే లోతులో దాదాపు 4 మీటర్లు తేడా వస్తుంది. అయిదుసార్లు వేసి సగటు తీయండి. మా తాత మాత్రం తాడుకు చెంబు కట్టి దించి, తడిసినచోట ముడి వేసి, మూరలతో కొలిచేవాడు. నిజం చెప్పాలంటే అదే నయం.